ఐదో నంబరు

మస్కట్‌లో, అల్ ఖువైర్ వెనక సందులో
సంతానం కోసం వచ్చేవాళ్ళ ఆస్పత్రి. నాలుగో అంతస్తు.
రాత్రి పదకొండుకి నా డ్యూటీ.
తొట్లలో నత్రజని ఎంత ఉందో చూడాలి.
కొలబద్ద దించి, పైకి తీసి, గాలిలో ఊపితే
ఎంతమేర తెల్లగా మంచు పట్టిందో అంత లోతు.
అంకె పుస్తకంలో వేసి సంతకం పెట్టాలి.
మడకం జోగమ్మ. తెలుగులోనే పెడతాను.
చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు కనక
తప్పు పట్టేవాళ్ళూ లేరు.

ఇవాళ బల్లమీద ఒక కాగితం మరిచిపోయారు.
హిలాల్, షంసా. నిజ్వా నుంచి వస్తారు.
పోయిన వారం నాకూ ఒక ఖర్జూరాల డబ్బా ఇచ్చారు.
వాళ్ళ మైసాకి ఆరేళ్ళు.
దాని నెత్తురులో కణాలు కొడవళ్ళలా వంగిపోతాయి.
నొప్పి లేస్తే మోకాళ్ళు పట్టుకుని అరుస్తుంది.

ఆ అరుపు నాకు తెలుసు.
చింతూరు దాటాక మా ఊళ్ళో
చలికాలం రాత్రుళ్ళు మా అన్న ఉంగయ్య అలాగే అరిచేవాడు.
అమ్మ ఇసక వేయించి మూటగట్టి కాపడం పెట్టేది.
వడ్డె ఒక కోడిని కోశాడు, తర్వాత ఇంకోదాన్ని.
డాక్టరు నోట కొడవలి అన్న మాట విన్న రోజు
నాన్న చూరులోంచి తన కొడవలి లాగి
శబరిలోకి విసిరేశాడు.
ఆ ఏడు మా చేను కోసింది అరువు కొడవలితో.

కాగితం మీద ఏడు గళ్ళు.
ఒకటి, ఆరు: జబ్బు.
రెండు, మూడు, ఐదు: జబ్బు లేదు గాని మోసేవి.
నాలుగు, ఏడు: ఏ దోషమూ లేదు.
అయినా పచ్చ సిరా టిక్కు ఐదు పక్కనే.
మైసా మూలుగతో జత కుదిరింది దానికొక్కదానికే.

మరి నాలుగూ ఏడూ?
మంచివే, అక్కకి పనికిరావు.
నా తొట్లో ఉంటాయి.

ఐదు పుడుతుంది.
పుట్టకముందే దానికి ఉద్యోగం వచ్చేసింది.
బొడ్డుతాడు నెత్తురు ఇవ్వాలి,
చాలకపోతే తుంటి ఎముకలోంచి మూలుగ.
ఏజెంటు లేడు, మెడికల్ లేదు,
వేలిముద్ర కూడా అడగలేదు.

నవ్వొచ్చింది నాకు.
"అన్నని చూసుకోను ఒక మనిషి కావాలని నిన్ను కన్నానే"
అమ్మ నా తలలో పేలు చూస్తూ చెప్పేది,
ఈరోజు ఏం కూరో చెప్పినంత మామూలుగా.
ఏ గాజు గిన్నే అక్కర్లేకపోయింది మా ఇంట్లో.
నేనూ మోసేదాన్నే. ఇక్కడికొచ్చాకే నెత్తురు పరీక్షలో తేలింది.
నెల నెలా నలభై రియాళ్ళు అన్న మందులకి పోతాయి.
కోపమా అంటే, ఉంది.
పంపడం మానేస్తావా అంటే, మానను.

మొన్న మెట్లమీద షంసా ఏడుస్తుంటే
బకెట్ పక్కన పెట్టి కూర్చున్నాను.
వచ్చీరాని హిందీలో అడిగింది:
"మీ అమ్మ చేతికి ఇలాంటి కాగితం ఇస్తే ఏం చేసేది?"
చెప్పలేదు.
మా అన్న ఒకటో నంబరు.
ఒకటీ ఆరూ పసుపు సంచిలో వేస్తారు.
ఆ సంచి కిందికి మోసేది నేనే.

రాత్రి అన్నకి ఫోన్ చేశాను.
"నిన్ను ముందే తీసేసి ఉంటే బాగుండేదా?" అన్నాను,
అంత మొరటుగానే.
అటువైపు వాన చప్పుడు. చాలాసేపు.
"నొప్పి రోజున అడిగితే ఔననేవాణ్ణి.
ఇవాళ శబరి చేపల పులుసు తిన్నాను.
మళ్ళీ ఎప్పుడన్నా అడుగు."

మట్టం ఇరవయ్యారు సెంటీమీటర్లు.
సంతకం.
పక్కన రిమార్కులని ఒక గడి ఉంది.
మూడేళ్ళుగా అది ఖాళీగానే వదిలేశాను.
ఇవాళ రాశాను,
తెలుగులో, గుండ్రంగా:

ఐదుకి శుక్రవారం సెలవివ్వండి.